ఎరువు వేసే ముందు ఆకు కాడను అడగండి

వృత్తిరీత్యా నేను కంప్యూటర్ కన్సల్టెంటుని. సాయంత్రాలు మాత్రం పెరట్లో టమాటా మొక్కల దగ్గరే ఉంటాను. ఇక్కడ అమెరికాలో వేసవి వస్తే మనవాళ్ళ కబుర్లన్నీ తోట మీదే కదా! "మా టమాటా ఆకులు పసుపు రంగుకి తిరిగాయండీ" అంటే చాలు, "ఇంకాస్త ఎరువు వెయ్యండి" అనే సలహా వచ్చేస్తుంది. మొక్కకి నిజంగా ఏం తక్కువైందో ముందు తెలుసుకునే ఉపాయం ఈరోజు చెప్తాను.

మొదట ఏ ఆకులు పాలిపోయాయో చూడండి. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి దాన్ని లాగి చిగుళ్ళకి పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు. అది అందకపోతే లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. కుండీలో కరివేపాకు ఇలా కనిపిస్తే మట్టిలో ఇనుము లేదని కాదు. మట్టి, నీళ్ళు క్షారగుణంతో ఉంటే ఉన్న ఇనుమే వేళ్ళకి అందదు. అప్పుడు యూరియా వేసి లాభం లేదు.

కంటిచూపు ఒక్కటే చాలదు. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినా ఆకులు పసుపవుతాయి. నత్రజని సంగతి తేల్చడానికి పచ్చి కాడల రసం పరీక్ష ఉంది. పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో అన్నిటికన్నా కొత్తవి, నాలుగైదు టమాటా మొక్కల నుంచి కోయండి. వెంటనే ఆకు భాగం దూసేసి కాడలు ఉంచుకోండి. ముక్కలు చేసి, వెల్లుల్లి నలిపే ప్రెస్‌లో పిండండి. రసం ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది పాళ్ళు కలిపి, 500 పీపీఎం దాకా చూపే నైట్రేట్ స్ట్రిప్ ముంచండి. వచ్చిన అంకెను 10తో హెచ్చవేయండి.

ఇక్కడొక చిక్కుంది. డబ్బా మీద "నైట్రేట్" అని ఉంటే ఆ అంకెను 4.43తో భాగించాలి. "నైట్రేట్ నైట్రోజన్" అని ఉంటే అక్కర్లేదు. ఫ్లారిడా విశ్వవిద్యాలయం వారి పట్టిక ఈ రెండో లెక్కలోనే ఉంటుంది. దాని ప్రకారం టమాటాకి మొదటి పూలు విచ్చేటప్పుడు 600 నుంచి 800 పీపీఎం ఉండాలి. భాగించడం మరిచిపోతే, ఆకలితో ఉన్న మొక్క కడుపు నిండినట్టు కనిపిస్తుంది!

అంకె సరిపడా ఉండి కూడా ఆకు పసుపుగా ఉంటే నత్రజని వెయ్యకండి. వేళ్ళు, తడి చూడండి. నత్రజని ఎక్కువైతే మొక్క గుబురుగా పెరుగుతుంది కానీ కాయ తగ్గుతుంది. మిగిలింది నీళ్ళతో పాటు భూమిలోకి దిగుతుంది. ఇక్కడ తాగే నీటిలో నైట్రేట్ నైట్రోజన్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రభుత్వం పెట్టిన హద్దు ముఖ్యంగా పసిపిల్లల రక్షణ కోసమే. ఇంట్లో సొంత బావి నీళ్ళు వాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇనుము, మెగ్నీషియం వంటివి ఈ స్ట్రిప్‌తో తేలవు. వాటికి ల్యాబ్ కావాలి. ఆకులు, మట్టి ఎక్కడికి పంపాలో మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు వారిని అడగండి.