కుక్క మెడలోని చీటి

(కుటుంబ సమ్మేళనమున చలనచిత్ర ప్రదర్శనానంతరము చేసిన ప్రసంగము)



ఇప్పుడే మనమందఱము ‘777 చార్లీ’ చిత్రమును తెలుగు పలుకులతో చూచితిమి. దీపములు వెలిగిన పిమ్మట పెద్దలు కొందఱు కండ్లద్దములు తుడుచుకొనుట గమనించితిని. నేనును ఆ పనిలోనే యుంటిని. కిరణ్‌రాజు దర్శకత్వమున, రక్షిత్ శెట్టి నాయకుడుగా, 2022 జూన్ 10వ తేదీన విడుదలయైన కన్నడ చిత్రమిది. ఉత్తమ కన్నడ చిత్రముగా జాతీయ పురస్కారమును పొందినది. కథ చిన్నది. ధర్మ యనువాడు ఏకాకి. ఫ్యాక్టరీలో పని, ఇంట చాప్లిన్ చిత్రములు తప్ప వేఱు తోడు లేదు. అతని వాకిటికొక కుక్క వచ్చును. అతడు తఱుముచుండును, అది పోదు. తుదకు దానికి నయముకాని వ్యాధి యని తెలిసినపుడు, దానికి మంచు చూపుటకై హిమాలయములకు బయలుదేఱును.

నిడివి కొంత యెక్కువ యని నా యభిప్రాయము. పిల్లలు మధ్యలో పకోడీలకై లేచుటయే సాక్ష్యము. కాని ధర్మ యను పేరుగలవాడు కుక్కతో హిమవంతమునకు పోవుట మనకు క్రొత్త గాదు. మహాప్రస్థానమున ద్రౌపదియు తమ్ములును పడిపోయిన పిదప ధర్మరాజు వెంట మిగిలినది శునక మొక్కటియే. దానిని విడిచి వచ్చు స్వర్గము తనకు వలదనెను. భారతారంభమునను కుక్క కథయే గదా! నిరపరాధియైన సరమ కుమారుని జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లి వచ్చి రాజునే నిలదీసినది.

ఇంతదూర మేల? మన రాయపూరు నుండి ఒక్క పూటలో పోయి చూడదగిన కుక్క గుడి యొకటి కలదు. దుర్గు జిల్లా నుండి 2012లో విడివడిన బాలోద్ జిల్లాలో, ఖప్రీ గ్రామమున, కుకుర్‌దేవ్ మందిరమున్నది. ఫణి నాగవంశ ప్రభువుల కాలమున, 14, 15 శతాబ్దులలో కట్టిరని చెప్పుదురు. గర్భగుడిలో శివలింగము, చెంతనే శునక విగ్రహము!

అచటి జనులు చెప్పు కథ యిది. ఒక బంజారా, అనగా మన లంబాడీ వంటివాడు, కఱవు కాలమున అప్పు చేసి, తన కుక్కను షావుకారుకు తాకట్టుంచెను. ఒకనాటి రాత్రి షావుకారింట దొంగలు పడి సొమ్మును చెఱువులో దాచిరి. కుక్క అది కనిపెట్టి, తెల్లవాఱగనే షావుకారును ధోవతి పట్టి లాగికొనిపోయి చూపినది. అతడు సంతసించి, అప్పు తీఱినదని చీటి వ్రాసి, దాని మెడకు కట్టి, యజమాని కడకు పంపెను. పరుగున వచ్చుచున్న కుక్కను చూచి బంజారా ఏమనుకొనెను? తన మాట చెఱచి పాఱివచ్చినదనుకొని కఱ్ఱతో కొట్టి చంపెను. చీటిని తరువాత చూచెను. ఆ దుఃఖమున లేచినదే యా గుడి యందురు.

పంచతంత్రమున ముంగిసను చంపిన తల్లి కథ మీ రెఱుగుదురు. అది నెత్తురంటిన మూతిని చూచి భ్రమపడుట. ఇచ్చట వ్రాతమూలకముగ సాక్ష్యముండియు చదువకపోవుట! దస్త్రములతో బ్రదుకు మనకీ కథ మఱింత గట్టిగా తగులును.

కుక్క కాటునకును, కోరింత దగ్గునకును ఆ దేవుని మ్రొక్కుదురు. మ్రొక్కుకొనుడు, కాదనను, కాని కాటును ముందు సబ్బుతో చక్కగా కడిగి, ఆ దినముననే టీకాకు పొండు.

ఇక నా మాట. వెనుకటి యూర మా యింట రాజు అను కుక్క యుండెడిది. బదిలీ ఉత్తరువు రాగా, సామాను లారీ కెక్కించి, దానిని ప్రక్కింటివారి కప్పగించి వచ్చితిమి. మూడు నెలలకు వారి జాబు వచ్చినది. అన్నము పెట్టిన తినుచున్నదట. కాని రాత్రి యగుసరికి తాళమువేసిన మా క్వార్టరు మెట్లమీదకే పోవుచున్నదట. ఆ జాబు నా శ్రీమతికి చాలనాళ్లు చూపలేదు.

రైలులో కుక్కను తీసికొనిపోవచ్చునని నా కప్పుడు తెలియదు. టికెట్టు కొని, టీకా పత్రములు చూపిన, గార్డు పెట్టెలో దానికి చోటుండును. బదిలీ యగువారు నెల ముందుగా మన కార్యదర్శిగారితో చెప్పిన, తెలిసినవారము తోడు వచ్చి ఆ పని చేయింతుము. ఖప్రీ ప్రయాణమునకు పేర్లిచ్చువారును వారికే ఈయగలరు. పిల్లలకు సగము చార్జీ.