మహమ్మారి కాలపు ఆర్థో పీజీలు



బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎముకల డాక్టరు గడప తొక్కని ఇల్లు అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఈ లైన్ల మీద పనికి వస్తూనే ఉన్నారు. షెడ్డులో వేలు నలుగుతుంది, కంకర మీద కాలు మడతపడుతుంది, రిటైరైన పెద్దాయన స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంటాడు. 2025 నవంబరు 4న ఈ ఊరి దగ్గరే మెము రైలు గూడ్సును ఢీకొట్టి పదిమందికి పైగా చనిపోయారు. అలాంటి రాత్రి క్షతగాత్రుల ముందు నిలబడే డాక్టరు రాడ్ వేయడం ఏ సంవత్సరంలో నేర్చుకున్నాడన్నది ఊరివాళ్లకు సంబంధించిన ప్రశ్నే.

2019లో ఎంఎస్ ఆర్థోలో చేరినవాళ్ల సంగతే చూడండి. మొదటి ఏడాది పిండికట్లు, డ్రెస్సింగులు, రాత్రి క్యాజువాల్టీ. రెండో ఏడాదికి ప్రొఫెసరు పక్కన నిలబడి సాయం చేయడం, మూడో ఏడాదికి ప్రొఫెసరు చూస్తుండగా తానే కత్తి పట్టడం. సరిగ్గా రెండో మెట్టు ఎక్కాల్సిన వేళకు, 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది.

ఉదాహరణకు, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. అక్కడి ఆర్థో పీజీ కోవిడ్ వార్డులో డ్యూటీ చేశాడు. ఆ డ్యూటీ అవసరమైనదే, దాన్ని తక్కువ చేసే మాట ఇక్కడ లేదు. కానీ చదువు పోతోందని జూనియర్ డాక్టర్లు ఆందోళన చేయవలసి వచ్చింది. నవంబరులో మిగతా సేవలు మొదలయ్యాయి, 2021 ఏప్రిల్‌లో మళ్లీ ఆగాయి, ఆగస్టులో మళ్లీ తెరిచారు. మొత్తం కలిపితే మూడేళ్ల చదువులో దాదాపు ఏడాది.

మిగతా ఆసుపత్రుల్లోనూ ముందుగా తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లే మొదట ఆగాయి. మోకాలి మార్పిడి ఆర్నెల్లు ఆగినా రోగి నొప్పితోనైనా బతుకుతాడు. పైగా డ్రిల్లు, రంపం తుంపరలు లేపే పనిముట్లు, థియేటర్లో అందరికీ భయం. 2 కోట్ల 80 లక్షల ఆపరేషన్లు: మహమ్మారి ఉధృతంగా ఉన్న 12 వారాల్లో ప్రపంచమంతటా రద్దు కావచ్చని కోవిడ్‌సర్జ్ అనే పరిశోధన బృందం 2020లో అంచనా కట్టిన సంఖ్య అది. అందులో ఎముకలవే అన్నిటికంటే ఎక్కువ, 63 లక్షలు. రోడ్ల మీద బళ్లు లేక ప్రమాదాలూ తగ్గాయి. అది సంతోషించదగ్గ విషయమే, నేర్చుకునేవాడికి మాత్రం కేసు లేదు.

సాయంత్రాలు వెబినార్లతో నిండిపోయాయి. చిన్న కాలేజీ పీజీకి పెద్ద సర్జన్ల పాఠాలు ఇంటికే వచ్చాయి, ఆ మేలును ఒప్పుకోవాలి. కానీ డ్రిల్ ఎముక అవతలి గోడను దాటే క్షణంలో చెయ్యి ఆపాలి. ఆపకపోతే ఆ వెనకున్న నరానికో రక్తనాళానికో ముప్పు. ఆ పట్టు జూమ్‌లో దొరకదు.

2021లో మరో దెబ్బ. ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష, నీట్ పీజీ, సెప్టెంబరు 11న జరిగింది. సీట్ల రిజర్వేషన్ మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసు వల్ల కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలు కాలేదు. ఫస్టియర్లు లేక వాళ్ల పనీ పైవాళ్ల మీదే పడింది. కొత్త బ్యాచ్ వచ్చేదాకా ఫైనలియర్ వాళ్లను ఉండమని కేంద్రం 2021 మే నెలలోనే చెప్పింది. ఉంచింది వార్డుకు మనుషులు చాలకే తప్ప, వాళ్లు చెయ్యని ఆపరేషన్లు చేయించడానికి కాదు.

మరోవైపు కోవిడ్ ఆర్థోకు కొత్త కేసులనూ తెచ్చిపెట్టింది. స్టెరాయిడ్లు వాడి కోలుకున్నవాళ్లలో కొందరికి తొడ ఎముక తలకాయకు రక్తం అందక అది చచ్చుబడింది. ముంబై హిందుజా ఆసుపత్రి డాక్టర్లు 2021లో ముగ్గురు రోగుల వివరాలు ప్రచురించారు. మామూలుగా మొదలవడానికి నెలలు పట్టే నొప్పి వాళ్లలో సగటున 58 రోజులకే మొదలైంది. తుంటి నొప్పి అనగానే కోవిడ్ వచ్చిందా అని అడగడం ఆ తరం పీజీలకు అలవాటైంది.

మళ్లీ శిక్షణ సంగతికి వస్తే, బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడ ఆర్థో శిక్షణ పూర్తి కావాలంటే లాగ్‌బుక్కులో 1,800 ఆపరేషన్లు ఉండాలి. మహమ్మారి వల్ల వెనకబడినవాళ్ల కోసం 2020లో ప్రత్యేక గ్రేడు పెట్టారు: తప్పు ట్రైనీది కాదు, లోటు మాత్రం ఉందని దాని అర్థం. మన దగ్గర లెక్క క్యాలెండరుది. మూడేళ్లు, హాజరు, థీసిస్, పరీక్ష.

ఆ పీజీలు ఈపాటికి ఎక్కడో అసిస్టెంట్ ప్రొఫెసర్లు, తాము పూర్తిగా నేర్చుకోని పని కొత్తవాళ్లకు నేర్పుతున్నారు. తమ ఖర్చుతో ఫెలోషిప్పులు చేసి సర్దుకున్నవాళ్లు కొందరు. చేయలేనివాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఈ సభ చేయదగ్గ పని చిన్నదే. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ ఒక లేఖ రాయాలి: 2018 నుంచి 2020 దాకా చేరిన ఆర్థో బ్యాచ్‌ల లాగ్‌బుక్కులు తెరిచి, ఎవరు ఎన్ని తుంటి, ఎన్ని మోకాలి ఆపరేషన్లు స్వయంగా చేశారో లెక్క తీయమని, తక్కువ పడినవాళ్లకు జీతం ఆపకుండా పెద్ద ఆసుపత్రిలో ఆర్నెల్ల పోస్టింగ్ ఇవ్వమని. ముసాయిదా కార్యదర్శి దగ్గర ఉంది. భోజన విరామం లోపు సంతకాలు చేయగలరు.