ఫిర్యాదు కూడా పిల్లల కోసమే



నూలు ధర, అప్పుల మాట అందరూ చెప్పారు. నేను పిల్లల మాట చెప్తాను.

మన రాయచూరులో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. ఒక మగ్గం ఇంటికి విచారణకొచ్చిన సోషల్ వర్కర్, పిల్లాడు కండెలు చుట్టడం చూసి "బడికి పంపరు" అని రాసి తల్లి సంతకం తీసుకున్నారు. ఆ రోజు ఆదివారం! ఆమెకు కన్నడ చదవరాదు.

మనవాళ్లు కొందరు "ఆఫీసర్లతో మనకెందుకు, వదిలెయ్" అన్నారు. అది తప్పు. ఇంకొకరు పిల్లాడి ఫోటోతో వాట్సాప్‌లో తిట్టారు. అది ఇంకా తప్పు. విచారణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

మరేం చేయాలి? సంతకానికి ముందే చదివి వినిపించమనండి. తప్పు రాస్తే, ఏ రోజు ఏం జరిగిందో, ఏం సరిదిద్దాలో కాగితం మీద రాసి జిల్లా బాలల రక్షణ యూనిట్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బాలల సంక్షేమ సమితి పనితీరు మీదైతే జిల్లాధికారికి, అంటే మన డీసీకి ఇవ్వాలి. సమితి ఆర్డరు మీద సాధారణంగా 30 రోజుల్లోపు చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

నిజంగానే బడి మాన్పించి ఉంటే మాత్రం ముందు మనం మారాలి. కోపంతో వర్కర్‌ను వీధిలోకే రానివ్వకపోతే నష్టం పిల్లలకే. రేపు 1098కి ఫోన్ చేస్తే రావాల్సింది వాళ్లే కదా.

పోగు తెగితే మగ్గం విరగ్గొట్టం, అతికి నేస్తాం. కన్నడ రాయగల మన యువకులు ఆ తల్లుల పక్కన కూర్చుంటే చాలు. సెలవు.