మనసు మారేదాకా ఆగాలా?

(గాజువాకలో దళిత యువకులు, కార్మికుల అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



సామాజిక మనస్తత్వ శాస్త్రం అంటే ఏటో మన భాషలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. పేరు పెద్దది గాని విషయం మనకి కొత్త కాదు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలాగుంటాడు, నలుగురిలో పడితే ఇంకోలాగుంటాడు. ఎందుకలా? నలుగురూ ఏమనుకుంటారోనన్న లెక్క మనిషి చేత ఏమేం చేయిస్తుంది, ఏమేం చేయనివ్వదు? ఈ శాస్త్రం వేసుకునే ప్రశ్న ఇదే. ఎవరి ముందు నిలబడాలి, ఎవరి వీధిలో చెప్పులు చేత పట్టుకోవాలి, ఏ గ్లాసులో టీ తాగాలి అన్న లెక్కలు మన తాతలు బడికి పోకుండానే నేర్చుకున్నారు. దెబ్బలు తిని నేర్చుకున్నారు.

ఈ పేరుతో ఇంగ్లీషులో మొదటి రెండు పాఠ్యపుస్తకాలు 1908లో వచ్చాయి. ఒకటి మెక్‌డూగల్‌ది, ఒకటి రాస్‌ది. ఎనిమిదేళ్ళు తిరక్కుండానే, 1916 మే 9న, న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివారు. అందులో ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ టార్డ్ చెప్పిన అనుకరణ సూత్రాల్ని తీసుకుని కులం పైనుంచి కిందికి ఎలా పాకిందో విప్పి చూపించారు. అంటే ఈ శాస్త్రం ఇంకా పసిపిల్లగా ఉన్నప్పుడే మన బాబాసాహెబ్ దాన్ని కులం మీద ప్రయోగించారన్నమాట. 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో, కులం ఇటుకలతో కట్టిన గోడ కాదు, మనుషుల బుర్రలో ఉన్న భావన అని చెప్పారు.

ఇక్కడే కొందరు పెద్దమనుషులు తెలివి చూపిస్తారు. "కులం మనసులో ఉంది గదా, మనసులు మారాలి, దానికి కాలం పడుతుంది, ఓపిక పట్టండి" అంటారు. బాబాసాహెబ్ ఓపిక పట్టమనలేదు. ఆ భావనకి బలమిస్తున్న శాస్త్రాల పెత్తనాన్ని కూల్చమన్నారు. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ముందు మనసు మారాలి, తర్వాత నడత మారుతుంది అన్నది సగం నిజం. ఏర్పాటు మారితే నడత ముందు మారుతుంది. మనసు దాని వెనకాల వస్తే వస్తుంది. రాకపోయినా మన పని ఆగదు.

ఒకే మనిషి, రెండు నడతలు

మన ఊరి సంగతే చూడండి. ఉక్కునగరంలో క్వార్టరు ఉద్యోగి హోదాని బట్టి ఇస్తారు. పక్క క్వార్టర్లో ఎవరుండాలో ఎవడూ ఎంచుకోలేడు. పెద్దకులపాయన ఇంటి గోడకి మన మాలాయన గోడ, మాదిగాయన గోడ ఆనుకునే ఉంటాయి. పిల్లలు కలిసే ఆడుకుంటారు. పండగొస్తే పిండివంటలు అటూ ఇటూ పోతాయి. అదే పెద్దకులపాయన కూర్మన్నపాలెంలో నాలుగు వాటాల ఇల్లు కట్టి 'టు లెట్' బోర్డు పెడితే, అద్దెకొచ్చినోణ్ణి మొదట అడిగేది జీతం కాదు. "మీరేటోళ్ళు?" అని. చెప్పగానే "నిన్ననే ఎవరికో మాటిచ్చేశామండీ" అంటాడు. మనిషి ఒక్కడే, మనసూ ఒక్కటే. క్వార్టర్లో ఏర్పాటు వేరు, సొంతింట్లో ఏర్పాటు వేరు.

అమెరికాలో లాపియెర్ అనే ఆయన ఇలాంటిదే చూశాడు. 1930 తర్వాత ఒక చైనా దంపతుల్ని వెంటబెట్టుకుని కారులో దేశం తిరిగాడు. అక్కడ చైనా వాళ్ళంటే చిన్నచూపున్న రోజులవి. రెండొందల యాభైకి పైగా హోటళ్ళు, బసల్లో దిగితే ఒక్కచోట మాత్రమే పొమ్మన్నారు. తర్వాత అవే చోట్లకి ఉత్తరాలు రాసి చైనా వాళ్ళని రానిస్తారా అని అడిగాడు. జవాబిచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వం అన్నారు. 1934లో దీన్ని అచ్చువేశాడు. మనిషి నోటితో చెప్పే వైఖరి వేరు, ఎదురుపడ్డప్పుడు నడిచే తీరు వేరు అని దీంతో తేలింది. అక్కడ నోరు చెడ్డది, నడత కాస్త నయం. మన దగ్గర తిరగబడింది. నోటితో "మాకలాంటి పట్టింపుల్లేవు" అంటారు, అద్దె దగ్గర, పెళ్ళి దగ్గర, ఉద్యోగం దగ్గర నడత బయటపడుతుంది.

ఉద్యోగం సంగతి లెక్క వేసినవాళ్ళున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. పేపర్లలో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువు సమానం, పేరు మాత్రం తేడా. దళితుడని తెలిసే పేరు పెట్టిన దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఆ కంపెనీల వాళ్ళని అడిగితే అందరూ మెరిటే చూస్తామంటారు.

అందుకే ఉక్కు ఫ్యాక్టరీ విషయం మనకి వట్టి ఇనుము విషయం కాదు. 1966లో ఎందరో ప్రాణాలు పోగొట్టుకుంటే, ఎన్నో ఊళ్ళు భూములొదులుకుంటే వచ్చిన ఫ్యాక్టరీ అది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమయ్యింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం దాన్ని నూటికి నూరు శాతం అమ్మడానికి ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇందులో జీతాల మాట అందరూ మాట్లాడతారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదన్న మాట మనం మాట్లాడాలి. అది పోతే రోస్టరు పోతుంది, హోదాని బట్టి క్వార్టరిచ్చే పద్ధతికి పూచీ పోతుంది. కులం చూడకుండా నడిపించే ఏర్పాటు పోతుంది. అప్పుడు మిగిలేది ఇంటాయన మనసు, మేనేజరు మనసు. వాటి మీద బతుకులు కట్టుకోలేం.

ఒక్క గొంతు విలువ

సాలమన్ ఆష్ అనే ఆయన 1951లో ఒక ప్రయోగం అచ్చువేశాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దీనికి సమానమైనది ఏదని అడుగుతారు. చిన్న పిల్లాడూ చెప్పగలడు. కాని గదిలో ఉన్న వాళ్ళంతా ఆష్ మనుషులే, ఒక్కడు తప్ప. వాళ్ళంతా ఒకే తప్పు జవాబు చెప్పేసరికి, ఆ ఒక్కడు తన కళ్ళని తనే నమ్మలేకపోయాడు. అలాంటివాళ్ళ జవాబుల్లో మూడో వంతు గుంపు వైపు వెళ్ళిపోయాయి. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా తలొంచారు. అయితే గుంపులో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, ఈ తలొంచడం నాలుగో వంతుకి పడిపోయింది.

ఊళ్ళో మనోళ్ళని వెలేసినప్పుడు ఇదే జరుగుతుంది. కిరాణా కొట్టాయనకి మనతో పగ లేదు, మనకి సరుకు అమ్మితేనే ఆయనకి రూపాయి. అయినా అమ్మడు. అందరూ మానేశారు గనక మానేస్తాడు. ఒక్కడు తలుపు తీస్తే రెండోవాడు తీస్తాడు. ఆ మొదటి తలుపు తీయించే పని చట్టం చెయ్యాలి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ సాంఘిక బహిష్కరణని నేరం చేసింది. "అందరూ చేశారు, నేనూ చేశాను" అన్న మాటకి కోర్టులో చోటు లేకుండా చెయ్యడానికే అది.

యేల్ యూనివర్సిటీలో మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగం ఇంకా భయం పుట్టిస్తుంది. అవతలి గదిలో మనిషికి కరెంటు షాకు ఇమ్మని కోటు వేసుకున్న అధికారి చెబితే, 40 మందిలో 26 మంది చివరి మీట, 450 వోల్టుల దాకా నొక్కారు. షాకులు ఉత్తుత్తివే, కాని నొక్కినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. వాళ్ళు రాక్షసులు కారు, ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు. ఈ ప్రయోగం మీద తర్వాత ఎన్నో విమర్శలొచ్చాయి. కాని అందులోనే ఇంకో భాగం ఉంది. పక్కన కూచున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోతే, చివరిదాకా పోయినవాళ్ళు 40కి నలుగురే. ఆజ్ఞకి మందు పక్కవాడి తిరస్కారం.

చూసేవాళ్ళ పాత్ర

1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో అయిదుగురు దళిత యువకుల్ని హింసించి, ఇద్దరికి గుండు గీసి కనుబొమ్మలు గొరిగారు. కొట్టి వదిలెయ్యొచ్చు గదా, గుండెందుకు? ఎందుకంటే అవమానానికి ప్రేక్షకులు కావాలి. దెబ్బ ఒంటికి తగులుతుంది. గుండు మాత్రం పేటకంతటికీ చెప్పే పాఠం, మళ్ళీ తలెత్తితే మీకూ ఇంతే అని. ఆ కేసులో తీర్పు మన విశాఖపట్నం ప్రత్యేక కోర్టులోనే వచ్చింది, 2024 ఏప్రిల్ 16న. తొమ్మిది మందికి 18 నెలల శిక్ష వేశారు. 27 ఏళ్ళు పట్టింది. తల గొరగడం, మీసం తీయడం ఇప్పుడు ఆ చట్టంలోనే పేరు పెట్టిన నేరాలు. అదీ 2015 సవరణలోదే.

2020 మే 16న అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారిని పోలీసులు చేతులు వెనక్కి కట్టి లాక్కెళ్ళారు. మాస్కులు లేవని మాట్లాడినందుకు అంతకుముందే సస్పెండైన దళిత డాక్టరు ఆయన. చుట్టూ జనం నిలబడ్డారు. 1968లో డార్లీ, లటానే చేసిన ప్రయోగం గుర్తు చేసుకోండి. ఒక మనిషికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తే, వింటున్నది తనొక్కడే అనుకున్నప్పుడు నూటికి 85 మంది సాయానికి లేచారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నప్పుడు లేచింది 31 మందే. నలుగురున్నారంటే బాధ్యత నాలుగు ముక్కలవుతుంది, ఎవరి చేతికీ ఏమీ మిగలదు. అయితే అక్కయ్యపాలెంలో కొందరు సెల్‌ఫోన్లో వీడియో తీశారు. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఆరో రోజున హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. అడ్డం వెళ్ళే ధైర్యం లేనివాడు కూడా సాక్షిగా ఉండగలడు.

మన లోపలి సంగతి

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలకి చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. కులం ఎవరికీ చెప్పనప్పుడు దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, కులం చదివి అదే పని ఇస్తే దళిత పిల్లల ఫలితం పడిపోయింది. బుర్ర అదే, పజిలు అదే. బడిలో "ఎస్సీలు చెయ్యెత్తండి" అని క్లాసంతా చూస్తుండగా అడిగే పంతుళ్ళకి ఈ సంగతి చెప్పాలి. స్కాలర్‌షిప్పు జాబితా ఆఫీసు గదిలో రాసుకోవచ్చు.

ఇంకో మాట చేదుగా ఉంటుంది, వినండి. హెన్రీ టాజ్‌ఫెల్ ఇంగ్లండులో బడి పిల్లల్ని ఏ అర్థమూ లేని రెండు గుంపులుగా చీల్చి, డబ్బులు పంచమన్నాడు. తమ గుంపుకి ఎక్కువ రావడం కంటే, అవతలి గుంపు కంటే తాము పైనుండడం చాలామందికి ముఖ్యమయ్యింది. అందుకోసం తమకొచ్చేది తగ్గినా సరేననుకున్నారు. బాబాసాహెబ్ మెట్ల అసమానత్వం అన్నది ఇదే. ఈ ఊరిని రోజూ ఊడ్చి శుభ్రం చేసే రెల్లి అన్నదమ్ముల పేటకి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? వాళ్ళ పిల్లని కోడలిగా తెచ్చుకున్నవాళ్ళు మనలో ఎందరు? 2025లో రాష్ట్రంలో వర్గీకరణ వచ్చి రెల్లి, ఉపకులాలకి ఒక శాతం వేరుగా పెట్టారు. వాటాల మీద వాదన వాదనే, జరగనివ్వండి. పక్కవాడికి రాకపోతే చాలన్న బుద్ధి మాత్రం మనది కాదు, మనువు మన ఒంట్లో పెట్టినది.

చెయ్యవలసింది

గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పాడు: ఊరికే కలిపి కూచోబెడితే ద్వేషం పోదు. హోదా సమానంగా ఉండాలి, గమ్యం ఒకటిగా ఉండాలి, పని కలిసి చెయ్యాలి, పైనుంచి చట్టం దన్ను ఉండాలి. 2021లో అచ్చయిన మాట్ లో పరిశోధన ఉత్తరప్రదేశ్ యువకుల క్రికెట్ మీద. వేరే కులంవాళ్ళతో ఒకే జట్టులో ఆడినవాళ్ళకి స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్టులో ఉన్నప్పుడు మాత్రం అది జరగలేదు. గజాల దూరం తగ్గితే చాలదు, ఒకే వైపు నిలబడాలి.

కాబట్టి మన పని ఇది. యూనియన్లో కాంట్రాక్టు కార్మికుడు, పర్మినెంటు కార్మికుడు ఒకే జట్టుగా ఉండాలని పట్టుబట్టండి. మీటింగులో అన్యాయమైన తీర్మానం వస్తే మొదటి 'కాదు' మీరే అనండి, రెండో 'కాదు' అనడానికి ఒకణ్ణి ముందే సిద్ధం చేసుకోండి. అద్దె దగ్గర, బడి దగ్గర జరిగిన ప్రతి సంగతీ తేదీతో రాసి పెట్టండి. ఒంటరిగా పోలీసు స్టేషన్‌కి వెళ్ళకండి, ఎవర్నీ ఒంటరిగా పంపకండి. వచ్చే ఆదివారం తరగతి రెల్లివీధిలో పెట్టుకుందాం, భోజనం అక్కడే చేద్దాం.

పెద్దకులాల మనసు ఎప్పుడు మారుతుందో వాళ్ళు చూసుకుంటారు. ఏర్పాట్లు మార్చడం మన చేతుల్లో ఉన్న పని. ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆడపిల్లలు అడగండి. జై భీమ్.