రాగపట్టికయు, రుగ్ణశిశువును



రాగమునకు రోగమును హరించు శక్తి కలదా యను ప్రశ్నపై మన పరిషత్తు ఇన్నేండ్లు వెచ్చించిన వాక్కులో దశమాంశమునైనను, ఆస్పత్రి మంచముపై నున్న బిడ్డను "నీకే పాట కావలెను?" అని అడుగుటకు వెచ్చించియుండినచో, ఈ పాతకలహమును నేను నేడు అధ్యక్షపీఠమునుండి మరల త్రవ్వవలసిన యగత్యము లేకపోయెడిది. ఉదరశూలతో బాధపడు శిష్యునికై ముత్తుస్వామి దీక్షితులవారు అఠాణారాగమున బృహస్పతికృతిని రచించిరన్న ఐతిహ్యమును, త్యాగయ్యగారి బిలహరికృతి మృతుని బ్రతికించెనన్న కథను నేనును భక్తితో విన్నవాడనే. కాని ఐతిహ్యమును ఔషధపత్రముగా మార్చి, ఈ జ్వరమునకీ రాగము, ఆ శూలకా రాగము అని పట్టికలు అచ్చొత్తించు పండితమిత్రులు (ఈ ముందువరుసలోనే ఆసీనులై యున్నారు, కోపింతురుగాక) ఒక్క క్యాన్సరు వార్డులోనైనను అడుగిడి చూచిరా యని నాకు సందేహము. రక్తక్యాన్సరును అణచునది మందు, పాట అణచదు. ఈ మాట మనము ఎలుగెత్తి చెప్పనిచో, పట్టికను నమ్మి చికిత్స మాన్పించు తల్లిదండ్రుల పాపము మనకే చుట్టుకొనును.

పాటకు చేతనగు పని వేరు. బాలల రక్తక్యాన్సరు చికిత్స రెండు మూడేండ్లు సాగును. వెన్నులో సూది గ్రుచ్చి నీరు తీయుట మాటిమాటికి తప్పదు. హనోయ్ నగరమున 7 మొదలు 12 ఏండ్ల వయసుగల 40 మంది బిడ్డలపై జరిగి 2010లో ప్రకటితమైన పరిశీలనలో, సూది గ్రుచ్చు సమయమున సగముమందికి హెడ్‌ఫోనులలో సంగీతము వినిపించి, తక్కినవారికి అవియే నిశ్శబ్దముగా తగిలించిరి. విన్నవారికి నొప్పియు, భయమును, గుండెవేగమును తగ్గినవి. అమెరికాలో షెరీ రాబ్ బృందము మజ్జమార్పిడికి వచ్చిన యువజనుల పాటలను వారిచేతనే కట్టించి దృశ్యరూపమున నిలిపినది. తోడివారితో పొత్తును, ఇంటివారితో సఖ్యమును మెరుగైనవని 2014లో వెల్లడించినది.

నా వాదమంతయు ఇక్కడనే యున్నది. సూది, మాత్ర, ముఖమునకు ముసుగు, తినదగినది, తినరానిది, అన్నియు పెద్దలే నిర్ణయించు ఆ వార్డులో బిడ్డ "వద్దు" అనగలది పాట నొక్కదానినే. దానినిగూడ మనమే నిర్ణయించి ఆనందభైరవిని మ్రింగించినచో అదియు మరియొక మోతాదే యగును. బిడ్డ సినిమాపాట కోరిన సినిమాపాటయే పాడవలెను. మౌనము కోరిన తంబుర దింపవలెను. సిస్‌ప్లాటిను వంటి మందు పడిన బిడ్డలలో కొందరికి హెచ్చుస్థాయి ధ్వనులే ముందుగా వినబడకుండ పోవును. అట్టి బిడ్డ చెవియొద్ద గజ్జెలు మ్రోగించి, "స్పందన శూన్యము" అని వ్రాసికొనిన పరిశోధకుని నేనెరుగుదును! తెల్లకణములు క్షీణించిన బిడ్డ చేతికి, తుడిచి శుద్ధిచేయ వీలులేని తోలువాద్యమును ఇచ్చువారినిగూర్చి వేరుగ చెప్పనేల?

బిడ్డ కోరదగిన పాటలలో తల్లి నోటి పల్లెపాటయు నొకటి. మేము విద్యార్థులమై యుండగా అట్టి జానపదగేయమును పరిశోధనాంశముగా తలపెట్టినవారిని ఆచార్యులే పరిహసించెడివారు. జానపదగేయములపై బిరుదురాజు రామరాజుగారి గ్రంథము వెలువడిన పిదపగాని ఆ పరిహాసము అణగలేదు. నేదునూరి గంగాధరముగారు పల్లెపల్లెల కూర్చిన పాటలు మన గ్రంథాలయములలో దుమ్ము త్రాగుచున్నవి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రికి మారుమూల పల్లెలనుండి బిడ్డల నెత్తుకొని వచ్చు తల్లులకు ఆ పాటలు నేటికిని నోట నున్నవేమో అడిగి, ధ్వనిముద్రణ చేయించి పదిలపరచు యువకు లెవరు?

సంగీతజ్ఞులకు వైద్యుల పర్యవేక్షణమున శిక్షణయు, బాలల క్యాన్సరు వార్డులలో జీతముగల యుద్యోగమును కల్పింపవలెనని ప్రభుత్వమును కోరు తీర్మానమును ఈ సాయంకాలపు సభలో ప్రవేశపెట్టుచున్నాను. పట్టికాకర్తలైన మిత్రులే దానిని బలపరుపవలెనని నా ప్రార్థన.