ఒకటో తరగతి మొదటి మూడు నెలలు: తల్లుల సమావేశంలో టీచరమ్మ మాటలు

తల్లికి వందనం సంగతి ముందే చెప్పేస్తాను, దానికోసమే ఎక్కువమంది వచ్చారని తెలుసు. ఒక్కో బిడ్డకు రూ.15,000. అందులో రూ.13,000 తల్లి ఖాతాలో పడతాయి, రూ.2,000 బడి నిర్వహణకు వెళ్తాయి. ఖాతాకు ఆధార్ లింకు చూసుకోండి. హాజరు 75 శాతం ఉండాలి.

ఆ హాజరు గురించే నా మాట. జూన్‌లో బడి తెరిచాక "ఇంకా పాఠాలు మొదలవలేదు, ఆడిస్తున్నారంతే" అని పిల్లల్ని అమ్మమ్మ ఊళ్లోనే ఉంచేస్తున్నారు. ఆ ఆటే పాఠమమ్మా! ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 'విద్యా ప్రవేశ్' తయారు చేసింది. అంతా ఆటపాటలే. చింతగింజలు పదేసి కుప్పలు పెడితే అది లెక్క. పలక, పడవ, పనస... మూడింటికీ మొదట వచ్చే శబ్దం ఏమిటో పట్టుకుంటే అది అక్షరానికి దారి. మట్టి పిసికితే పెన్సిలు పట్టే వేళ్లకు బలం. ఇవన్నీ అయిపోయాక వచ్చిన బిడ్డ, పక్కవాళ్లు టకటకా చెప్తుంటే నోరు విప్పడు. తెలివి లేక కాదు, అలవాటు లేక. రెండ్రోజులకే కడుపునొప్పి అంటాడు.

ఇంట్లో అ, ఆలు వందసార్లు దిద్దించొద్దు. "ఇవాళ ఏం ఆడారు?" అని అడగండి. ఇంట్లో లంబాడీయో, సవరో మాట్లాడేవాళ్లు ఆ భాషలోనే అడగండి, బిడ్డ ఎక్కువ చెప్తాడు.

జ్వరమొస్తే పంపకండి, మాకు కబురు చేయండి. తగ్గగానే తీసుకురండి.