గులాబి పువ్వులు మెత్తబడకుండా

అన్నలారా, మీరు కూడా కూర్చోండి. పిండివంటల మాట గదా, మనకెందుకని లేచిపోకండి. ధాన్యం ఆరబెట్టి గాదెకెత్తే సంగతి మీకు తెలుసు. ఈ పూట చెప్పబోయేది కూడా అటువంటిదే.

మన గూడూరు ప్రాంతంలో దీపావళి ఎటువంటి రోజుల్లో వస్తుంది? స్వాతి కార్తె ముందువెనుకల. సరిగ్గా ఈశాన్య రుతుపవనాలు దిగే కాలం. మనకు సంవత్సరం పొడుగునా పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. చెరువులు నిండేదీ, నారుమళ్ళు తడిసేదీ ఆ వానతోనే గనుక దానిని తిట్టుకోలేము. కాని వంటింట్లో చూడండి. ఇంటిల్లిపాది కూర్చుని, చెనక్కాయ నూనె పోసి, గులాబి పువ్వులు, మురుకులు, కారప్పూస చేసి పెడతారు. పండుగనాడు కరకరమంటాయి. నాలుగోనాటికి నములుతుంటే తోలులాగా సాగుతాయి. వారం తిరిగేసరికి గొడ్లకుండీలో పడతాయి. పిండి పోయె, నూనె పోయె, రెండు రోజుల నడుమునొప్పి మిగిలె.

అన్నింటిలోకీ గులాబి పువ్వు సుకుమారమైనది. అచ్చును కాగే నూనెలో వేడిచేసి, పలుచని పిండిలో అంచు మునగకుండా ముంచి, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడివడుతుంది. దీనినే తమిళులు అచ్చు మురుకు అంటారు, మలయాళులు అచ్చప్పం అంటారు. ఎక్కడో ఉత్తరాన స్వీడను, నార్వే దేశాలలోనూ ఇటువంటి అచ్చుతోనే ఇటువంటి పువ్వులే వేసుకుంటారు. రేకు కాగితమంత పలుచన, లోపల పంచదార. పలుచన గనుక తేమ తొందరగా దూరుతుంది. పంచదార వున్నది గనుక దూరిన తేమ అక్కడే నిలుస్తుంది. పైగా ముట్టుకుంటే విరుగుతుంది. దీనిని దాచగలిగినవారు మిగిలినవాటిని సులువుగా దాచగలరు. అందుకే దీని సంగతే చెబుతాను.

ముందు ధాన్యం లెక్క గుర్తుచేసుకోండి. గింజలో తేమ నూటికి 14 పాళ్ళకు మించకుండా ఆరితేనే గదా గాదెకెత్తుతారు? పంటికింద పెట్టి కొరికితే టక్కుమనాలి. బాగా వేగిన పువ్వులో తేమ నూటికి రెండు మూడు పాళ్ళకంటె వుండదు. అంటే ధాన్యం కన్నా ఎన్నో రెట్లు ఎండిన వస్తువన్నమాట. అంత ఎండిన వస్తువును తడిగాలిలో పెడితే వూరుకుంటుందా? దాహంగొన్న గొడ్డు నీళ్ళ తొట్టి చూసినట్టు గాలిలోని తేమను తాగుతుంది. గాలిలో తేమ నూటికి 40, 50 మధ్యకు వచ్చేసరికే పువ్వుకు కరకర తగ్గుతుంది. మన కార్తీకమాసపు ముసురులో ఆ తేమ 80 దాటే రోజులు ఎన్నో. ఇక వేరే దోషి ఎవరూ లేరు. పిండి మంచిది కాదనీ, దిష్టి తగిలిందనీ అనుకోనక్కరలేదు.

ఇక్కడ ఉప్పు మూట సంగతి చెప్పుకోవలె. చాలా ఇళ్ళలో డబ్బా అడుగున ఉప్పు మూటగట్టి పెడతారు. మా ఇంట్లోనూ పెట్టేవారు. ఉప్పు తేమను పీలుస్తుంది, అందులో అబద్ధం లేదు. వానాకాలంలో ఉప్పుజాడీ చెమర్చడం రోజూ చూసేదే. అయితే ఎప్పుడు పీలుస్తుంది? శుభ్రమైన ఉప్పు గాలిలో తేమ 75కు చేరితేనే నీరవుతుంది. అంతకు లోపు పొడిగా కూర్చుని చూస్తూ వుంటుంది. మన పువ్వు 50 దగ్గరే మెత్తబడిపోయె! అంటే దొంగ ఇల్లు దోచుకుని పోయిన తరువాత నిద్రలేచే కావలివాడన్నమాట ఈ ఉప్పు. రాళ్ళుప్పయితే కొంచెం ముందుగానే చెమరుస్తుంది గాని, ఆ చెమ్మ గుడ్డలోకి దిగి పక్కనున్న పువ్వులకే అంటుతుంది. ఉప్పు మూట మానుకోండి.

దానికి బదులు పిడికెడు బియ్యం తీసుకుని, మూకుడులో ఎర్రగా వేయించి, మూతపెట్టి చల్లార్చి, పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టండి. ఎండిన బియ్యం ఎండిన పువ్వులాగే దాహంగా వుంటుంది గనుక వచ్చిన తేమలో తన వాటా తాను తీసుకుంటుంది. నాలుగైదు రోజులకొకసారి తీసి మళ్ళీ వేయించాలి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలు పెడుతున్నారని విన్నాను. అవి తిండి డబ్బాలకు కాదు. ముఖ్యంగా నీలిరంగు గింజలున్నవి అసలు వద్దు. ఆ రంగు విషపదార్థం. రాతిసున్నం కూడా తేమను గట్టిగానే పీలుస్తుంది గాని, తడి తగిలితే కాగుతుంది, కంట్లో పడితే చూపు తీస్తుంది. పిల్లలు చేతులు పెట్టే డబ్బాలో దాని పేరెత్తకండి.

అయితే బియ్యం మూట వున్నా, ఎంత మంచి డబ్బా వున్నా ఒక్కమాట గట్టిగా పట్టుకోవాలి. డబ్బా దేనినీ ఆరబెట్టదు. పెట్టినదానిని పెట్టినట్టు వుంచడమే దాని పని. చెమ్మతో పెడితే చెమ్మతోనే వుంచుతుంది. గనుక అసలు పని పొయ్యి దగ్గరే మొదలవుతుంది.

పువ్వు నూనెలో పడగానే బుడగలు వస్తాయి గదా, ఆ బుడగలు ఏమిటనుకున్నారు? పిండిలోని నీరు ఆవిరై పోవడమే. బుడగలు తగ్గి, చుయ్‌మనే చప్పుడు సన్నగిల్లేదాకా తీయకండి. మంట ఎక్కువగా పెడితే పైన రంగు ముందుగా వస్తుంది, లోపల నీరు నిలుస్తుంది. మురుకుల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ; పైకి ఎర్రగా కనబడతాయి, మర్నాడు మధ్యలో మెత్తగా వుంటాయి. మధ్యరకం మంట మీద నిదానంగా వేగనివ్వాలి. తీసిన పువ్వును చిల్లుల పళ్ళెంలో నిలబెట్టి వుంచితే నూనె కిందికి జారుతుంది. అచ్చువేసిన పాత వార్తాపత్రికల మీద మాత్రం వేయకండి. ఆ సిరా వేడినూనెకు కరిగి తిండికి అంటుతుంది.

చల్లార్చడంలో రెండు తప్పులున్నాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. వేడిగా వుండగా మూతపెడితే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లై కిందికి రాలుతుంది. ఈ తప్పు నేనే చేశాను. ఒక దీపావళికి చెన్నైలో వున్న మా అమ్మాయికి పువ్వులు పంపాలని, రైలు వేళ దగ్గరపడుతుంటే గోరువెచ్చగా వుండగానే డబ్బాలో సర్ది మూత బిగించాను. ఇక్కడినుంచి చెన్నై ఎంత దూరం? రైలులో నాలుగు గంటలైనా పట్టదు. అక్కడ మూత తీస్తే మూతకు లోపలివైపు చెమట పట్టి వుందట. “అమ్మా, పువ్వులు కాదే, అట్లు పంపావు” అన్నది.

ఆ భయంతో మరుసటి ఏడు రెండో తప్పు చేశాను. రాత్రంతా చాటల్లో పరిచి, ఉదయం డబ్బాకెత్తాను. ముసురుగాలి రాత్రంతా వాటిని పట్టుకుంది. డబ్బాలోకి వెళ్ళేటప్పటికే సగం మెత్తబడ్డాయి. సరయిన పద్ధతి ఈ రెంటికీ మధ్యన వున్నది. ఒక్క వరుసగా పరిచి, ఫ్యాను కింద అరగంట, ముప్పావుగంట వుంచండి. ఒకటి తీసి చెంపకు ఆనించి చూడండి. వెచ్చదనం లేకపోతే వెంటనే డబ్బాకెత్తండి. చేతికంటె చెంపకు బాగా తెలుస్తుంది.

డబ్బా సంగతి. కడిగిన డబ్బా పొడిగా కనబడుతుంది గాని అంచు మడతలో నీళ్ళు దాగి వుంటాయి. ఒక పూటంతా ఎండలో బోర్లించాలి. ఎండ లేకపోతే ఆరిన పొయ్యి వెచ్చదనంలో పెట్టండి. మూత బిగువుగా వుండాలి. ఈ రోజుల్లో స్టీలు డబ్బాలు చూడముచ్చటగా వుంటాయి గాని చాలావాటికి మూత గలగలలాడుతుంది. అటువంటిదానికి దళసరి ప్లాస్టిక్కు కాగితం నోటికి అడ్డంగా పరిచి, దానిమీద మూత నొక్కి, చుట్టూ టేపు వేయండి. బజారులో కూరగాయలకిచ్చే పలుచని సంచులు దీనికి పనికిరావు.

ఒక్క పెద్ద డబ్బా కంటె నాలుగు చిన్న డబ్బాలు మేలు. పెద్ద డబ్బాను పిల్లలు రోజుకు పదిసార్లు తెరుస్తారు. తెరిచినప్పుడల్లా లోపలి పొడిగాలి పోయి బయటి తడిగాలి చేరుతుంది. అడుక్కు వెళ్ళేకొద్దీ డబ్బాలో ఖాళీ పెరుగుతుంది, ఖాళీ అంటే తడిగాలే. చిన్న డబ్బాలు నిండుగా సర్ది, ఒకటి అయిపోయాక రెండోది తెరవండి. మూతమీద చేసిన తేదీ రాసి అంటించండి. ఇట్లా చేస్తే పువ్వులు రెండు వారాలు, మురుకులు మూడు వారాలు నమ్మకంగా నిలుస్తాయి.

ఇక విరగకుండా సర్దడం. పువ్వులను పళ్ళేల లాగా ఒకదానిమీద ఒకటి, ఒకే ముఖంగా, రేకుమీద రేకు వచ్చేట్టు అయిదారు పేర్చి, ఆ దొంతరను నూనె అంటని కాగితంలో చుట్టండి. దొంతరలను పక్కపక్కన నిలిపి, సందుల్లో బొరుగులు పోయండి. ముందు బొరుగులను మూకుడులో కాస్త వెచ్చజేసి చల్లార్చాలి సుమా. కుదుపులు అవి కాచుకుంటాయి, తేమను కూడా కొంత తీసుకుంటాయి, చివరకు ఉల్లిపాయ కారం కలిపి తినేయవచ్చు. ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే లోపల కదులుతున్నాయన్నమాట.

ఇంగ్లండులో రెడింగు అనే ఊరున్నది. అక్కడ 1822లో హంట్లీ అనే ఆయన బిస్కట్ల దుకాణం పెట్టాడు. గుర్రపుబళ్ళ మీద వెళ్ళే ప్రయాణికులు ఆ ఊళ్ళో ఆగి బిస్కట్లు కొనేవారు. దారి కుదుపులకు అవి నలిగిపోతుంటే రేకు డబ్బాలలో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఆ డబ్బాలు తరువాత సముద్రాలు దాటి దేశదేశాలకు పోయాయి. మన గూడూరు కూడా బళ్ళు ఆగే చోటే గదా! ఒక దారి చెన్నైకి, ఒకటి విజయవాడకు, ఒకటి రేణిగుంట మీదుగా తిరుపతికి. పొదుపు సంఘాలలోని అక్కచెల్లెళ్ళు పిండివంటలు అమ్మదలిస్తే రుచి ఎంత ముఖ్యమో, కొన్నవారి ఇంటికి చేరేదాకా అవి విరగకుండా, మెత్తబడకుండా వుండడం అంత ముఖ్యం. ఒకసారి మెత్తటి మురుకు కొన్న మనిషి మళ్ళీ మన గడప తొక్కడు.

ఏది దేనితో కలిపి పెట్టకూడదో కూడా చూసుకోవాలి. అరిసెలో బెల్లం వున్నది, మెత్తదనం వున్నది. అరిసెలనూ పువ్వులనూ ఒకే డబ్బాలో పెడితే అరిసెలోని తేమ పువ్వులోకి పోతుంది. రెండు రోజుల్లో అరిసె గట్టిపడుతుంది, పువ్వు మెత్తబడుతుంది, రెండూ చెడతాయి. లడ్డూలయినా అంతే. నిమ్మతోటలున్నవారికి ఇంకొక మాట. మార్కెట్టుకు పోవలసిన కాయల బస్తాలు పిండివంటల గదిలో దించకండి. నిమ్మకాయ ప్రాణమున్న వస్తువు, కోసిన తరువాత కూడా తేమను వదులుతూనే వుంటుంది. ఎండు గాలిలో పెడితే వడలి తూకం తగ్గుతుంది. దానికి కావలసిన గాలి వేరు, మురుకుకు కావలసిన గాలి వేరు.

ఫ్రిజ్‌లో పెట్టవచ్చునా అని అడుగుతారు. అవసరం లేదు. పెట్టి తీసి వెంటనే మూత తెరిస్తే, చల్లని పువ్వుమీద బయటి తేమ మంచులాగా పడుతుంది. ఎప్పుడైనా పెట్టవలసివస్తే, బయటకు తీసి చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత ముట్టుకోకండి.

మెత్తబడినవాటిని పారవేయనక్కరలేదు. మందపాటి పెనం సన్నసెగమీద వెచ్చజేసి, వాటిని పరిచి, మూత పెట్టకుండా, తిప్పుతూ అయిదు పది నిమిషాలు వుంచితే పట్టిన తేమ పోతుంది. చల్లారాక మళ్ళీ కరకరమంటాయి. ఆనాడే తినేయాలి. అయితే ముందు వాసన చూడండి. మెత్తబడడం వేరు, నూనె ముక్కిపోవడం వేరు. మొదటిది తేమ పని. రెండోది గాలి, వెలుతురు, వేడి కలిసి చేసే పని. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెతో చేస్తే ఇంకా తొందరగా వస్తుంది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలూ, తుప్పుపట్టిన ఇనుమూ ఆ పనికి తోడుపడతాయి. అటువంటి కంపు వచ్చినదానిని, బూజు పట్టినదానిని పెనంమీద వేసినా బాగుపడదు. పైబూజు తుడిచి పిల్లలకు పెట్టకండి. ఎండలో పెట్టి బాగుచేద్దామనుకుంటే ఆ వెలుతురు నూనెను ఇంకా చెడగొడుతుంది.

చివరగా, ఆ నాలుగు డబ్బాలలో ఒకటి పండుగ లెక్కలో కలపకండి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను పెద్దలకు గుర్తుండే వుంటుంది. 2015 నవంబరులో, మళ్ళీ 2021 నవంబరులో మన వైపు పెద్దరోడ్డు మీద వాననీళ్ళు పారి రాకపోకలు ఆగిన రోజులు అందరమూ చూశాము. అటువంటప్పుడు కరెంటు వుండదు, అంగడి తెరవరు, కట్టెలు తడుస్తాయి. పొయ్యి వెలిగించకుండా పిల్లల చేతిలో పెట్టగలిగినది ఇంట్లో ఏదో ఒకటి వుండాలి. ఆ డబ్బాలో గట్టి మురుకులు పెట్టి, మూతచుట్టూ టేపు వేసి, నేలమీద కాకుండా అటకమీద పెట్టండి. మూడు వారాలు కాగానే అందులోవి తినేసి, డబ్బా ఎండబెట్టి కొత్తవి పోయండి. డిసెంబరు నెల గడిచేదాకా అది ఖాళీగా వుండనివ్వకండి.